ఎడమవైపు చోటు

అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు. ఆ విద్యలో ఓడ్నీని మించినది యూరప్‌లోనే లేదని రాలీక్రాస్ అనే కారు పందేల వాళ్ళందరూ ఒప్పుకునేవారు. ఓడ్నీ అంటే నేనే. మా తమ్ముడు టోర్‌గైర్ రేసు బండి నడిపేవాడు. నేను ఆ బండిని మోసే లారీ నడిపేదాన్ని, అందరికీ వండిపెట్టేదాన్ని, ఫైనల్‌కి ముందు అబద్ధాలు ఆడేదాన్ని.

అబద్ధాలేమిటని అడుగుతారేమో. ఫైనల్‌కి బళ్ళు తెచ్చి గీత మీద నిలబెట్టాక, ఇంజన్లు రాజేసే ముందు కాసేపు అంతా నిశ్శబ్దంగా ఉంటుంది. డ్రైవర్లు బెల్టులు బిగించుకుని కదలలేకుండా కూర్చుని ఉంటారు. ఆ కాసేపట్లో ఒక జట్టువాళ్ళు ఇంకో జట్టు డ్రైవరు కిటికీ దగ్గరకి నడిచి వెళ్ళి, చెవిలో ఒక మాట వేసి రావడం మాలో ఆనవాయితీ. దాన్ని గీత మాట అంటాం. "నీ వెనక చక్రంలో గాలి తగ్గినట్టుంది నాయనా" అని ఒక స్వీడన్ వాడితో అన్నాను. వాడు బెల్టులన్నీ ఊడదీసుకుని దిగి చూసుకున్నాడు, మళ్ళీ బిగించుకునేసరికి పచ్చదీపం వెలిగింది. ఇంకొకడికి కాఫీ ఇచ్చి, తాగాక, "నిన్న ఇది తాగినవాడికి ఇంకా వాంతులు తగ్గలేదు" అన్నాను. దీనికి ఎవరూ కోపం తెచ్చుకోరు. రేసయ్యాక వాళ్ళే వచ్చి నా చేతి గళ్ళ అట్లు, అదే వాఫుల్స్, తిని, "ముసల్దానా, మళ్ళీ చెవిలో పువ్వులు పెట్టావు" అని తిట్టి పోతారు. నాకప్పుడు నలభై ఆరేళ్ళు. ముసల్దానా అన్నవాడికి రెండో వాఫుల్ ఉండేది కాదు.

తొంభై రెండులో మొదటి పోటీ ఆస్ట్రియాలో జరిగింది. ఒకటే వాన. మా ట్రాక్‌లు సగం తారు, సగం మట్టి. ఆ మట్టి సగం ఆరోజు పందులు దొర్లే గుంటలా ఉంది. ముందు అద్దం మీద బురద పడితే తుడవడానికి దారి ఉండదని టోర్‌గైర్ అద్దమే తీసేయించి, ఇనప వల బిగించుకుని, కళ్ళజోడు పెట్టుకుని వెళ్ళాడు. నేను వద్దన్నాను. మెకానిక్ ఆర్న్‌ఫిన్ కూడా వద్దన్నాడు, వాడు నెలకి నాలుగు మాటలు మాట్లాడే మనిషి. కానీ మావాడు పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

ముందు వెళ్తున్న బండి చక్రం కింద నుంచి కోడిగుడ్డంత రాయి లేచి వలని చీల్చుకుని వచ్చింది. కళ్ళజోడు ఎడమ పక్క పగిలింది. చావు తప్పి కన్ను లొట్టపోయింది అని ఊరికే అంటూ ఉంటాం. మావాడికి అక్షరాలా అదే జరిగింది.

ఆసుపత్రిలో డాక్టరు నన్ను పక్కకి పిలిచి, కన్ను బయటికి మామూలుగానే కనబడుతుంది, లోపల పొర చిరిగిపోయింది, ఇక చూపు రాదు అని చెప్పాడు. నేను వెళ్ళి తమ్ముడి మంచం మీద కూర్చున్నాను.

"ఎంత కనబడుతోందిరా?"

"ఏమీ లేదక్కా. చీకటి కూడా కాదు. అటుపక్క అసలు లోకమే లేదు."

"సరే. అయిపోయింది. ఇంటికి పోదాం, బండి ఎవడికైనా ఇచ్చేద్దాం."

"ఎవరికీ చెప్పకు."

"ఏమిటీ?"

"రెండు కుట్లు పడ్డాయని చెప్పు. అంతే."

నేను తిట్టిన తిట్లకి పక్క మంచం మీద రోగి గంట కొట్టి నర్సుని పిలిచాడు. భాష రాకపోయినా తిట్టని ఎవరికైనా తెలుస్తుంది కదా.

వాడి బాధ నాకు తెలియక కాదు. మేం తోలే టర్బో బళ్ళు అంతకు కొన్నేళ్ళ క్రితం అడవి దారుల్లో రాలీ పందేల్లో పరుగెత్తినవి. మనుషుల్ని చంపుతున్నాయని అక్కడ నిషేధించారు. నిలవ నీడ లేకపోతే మా రాలీక్రాస్ చేరదీసింది. తొంభై రెండు తర్వాత ఇక్కడా వద్దన్నారు. అంటే ఆ ఏడాదే ఆఖరు. మా బండిని మెర్రా అని పిలిచేవాళ్ళం, మా వైపు మాటలో ఆడగుర్రం అని. ఆ మెర్రాని లొంగదీయడానికి మావాడికి అయిదేళ్ళు పట్టింది. పెడల్ తొక్కితే ఒక ఊపిరి సేపు ఏమీ జరగదు. తర్వాత ఒక్కసారిగా వీపు మీద తన్నుతుంది. ఆ తన్ను ఎప్పుడొస్తుందో వాడి ఒంటికి తెలుసు. పెళ్ళి చేసుకోలేదు, పిల్లలు లేరు. వాడికి తెలిసిందల్లా అదొక్కటే.

ఇంటికొచ్చాక నన్ను కూర్చోబెట్టి, బల్ల మీద కాఫీ కప్పులు వరసగా పెట్టి చూపించాడు.

"చూడక్కా. మనం తిరిగే ట్రాక్‌లన్నిటిలో ఇంచుమించు మొదటి మలుపు కుడికే. గీత మీద ఎడమ చివరి చోటు ఎవరికీ అక్కర్లేదు. బయటి అంచు, కంకర, దూరం ఎక్కువ. ఆ చోటు నేను తీసుకుంటాను. నా ఎడమ పక్కన గోడ తప్ప ఎవడూ ఉండడు. అందరూ నా కుడి పక్కన, నా మంచి కంటి వైపు. మొదటి మలుపు దాటాక బళ్ళు ఒకదాని వెనక ఒకటి సాగిపోతాయి, ఇక భయం లేదు."

"మరి ఫైనల్‌కి ముందు జరిగే హీట్స్‌లో? అక్కడ చీటీ వేసి కదా చోటిస్తారు?"

"హీట్స్‌లో లెక్క టైముకి. అందర్నీ ముందు పోనిచ్చి వెనకాల ఒంటరిగా తోలుకుంటాను."

"ఫైనల్లో ఆ చోటు ఇంకెవడైనా తీసుకుంటే?"

"ఎవడు తీసుకుంటాడే, పిచ్చివాడు తప్ప!"

ఫైనల్లో చోటు ఎలా దొరుకుతుందంటే, హీట్స్‌లో అందరికంటే వేగంగా వచ్చినవాడు ముందు తనకి నచ్చిన చోటు కోరుకుంటాడు, తర్వాత రెండోవాడు, అలా. అందుకే నేను వదల్లేదు. అమ్మ సమాధి దగ్గరకి లాక్కెళ్ళి ఒట్టు వేయించాను. ఎడమ చోటు దొరక్కపోతే బండి చెడిపోయిందని చెప్పి దిగిపోవాలి. వాడు రాతి మీద చెయ్యి పెట్టి "అమ్మ తోడు" అన్నాడు. వస్తూ వస్తూ ఎడమ పక్కనున్న గేటు స్తంభాన్ని భుజంతో గుద్దుకున్నాడు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

సరే, నోరు మూసుకున్నాను. ఇంట్లో వాడికి ఎప్పుడూ కుడి పక్కనే కూర్చునేదాన్ని. కాఫీ కప్పులో కాకుండా బల్ల మీద పోసుకుంటే, "చేతులు వణుకుతున్నాయి, రాత్రి తాగి ఉంటాడు" అని పదిమంది ముందు తిట్టేదాన్ని. ఆ తిట్టే వాడికి ముసుగు.

ఇక వినండి, ఆ ఎడమ చోటు వాడికి కలిసొచ్చింది! లోపలి అంచున ఉన్నవాళ్ళు మలుపులో బ్రేకు తొక్కి కాలు ఎత్తాలి. కాలెత్తితే టర్బో నిద్రపోతుంది. దాన్ని మళ్ళీ లేపేసరికి పుణ్యకాలం గడిచిపోతుంది. బయటి అంచున వెడల్పుగా తిరిగేవాడికి కాలెత్తే పనే లేదు. స్వీడన్‌లో మావాడు ఆ బయటి దారిలో అందర్నీ చుట్టేసి గెలిచాడు. ఫిన్లాండ్‌లో రెండో స్థానం. హాలండ్‌లో మళ్ళీ గెలుపు. పత్రికలవాళ్ళు దానికి 'టోర్‌గైర్ దారి' అని పేరు పెట్టారు. ఎంత ధైర్యం, ఎంత తెలివి అని రాశారు. గుడ్డితనం అని రాయాల్సింది.

ఆ పేరే కొంప ముంచింది. బెల్జియంలో యోస్ట్ అనే డచ్చివాడు ముందు కోరుకునే వంతు వచ్చి, తిన్నగా వెళ్ళి ఎడమ చోటు తీసుకున్నాడు. టోర్‌గైర్ నా వంక చూశాడు, తర్వాత ఆర్న్‌ఫిన్‌తో, "గేరు పడడం లేదు, బండి లారీ ఎక్కించు" అన్నాడు. ఒట్టు నిలబెట్టుకున్నాడు. ఆర్న్‌ఫిన్ గేర్‌బాక్స్ విప్పి చూసి, ఏమీ చెడలేదని తెలిసి, నెలలో తన అయిదో మాట మాట్లాడాడు. "వింతగా ఉంది" అన్నాడు. నేను తమ్ముడికి ఆరోజు మాంసం ముక్కలు ఎక్కువ వేశాను. వాడు తినలేదు.

బెల్జియంలో దిగిపోయినందుకు పాయింట్లు పోయాయి. ఇంగ్లండ్‌లో గెలిచినా, ఆఖరి పోటీలో మొదటివాడుగా వస్తేనే యూరప్ ఛాంపియన్ అన్నంతవరకు వచ్చింది. ఆ ఆఖరి పోటీ మా ఊరు స్వార్ట్‌మోలోనే. మా ఇంటి మెట్ల మీద కూర్చుంటే ఇంజన్ల చప్పుడు వినబడేంత దగ్గర.

ఇప్పుడు ఎంబ్రిక్ గురించి చెప్పాలి. పక్క పొలం వాళ్ళ కుర్రాడు, ఇరవై నాలుగేళ్ళు. చుట్టరికం లేదు, మావాణ్ణి మావయ్యా అని, నన్ను పెద్దమ్మా అని పిలుపే. వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, చలికాలం గడ్డకట్టిన చెరువు మీద స్టీరింగ్ తిప్పడం నేర్పింది టోర్‌గైర్. బండి జారితే ఎటు తిప్పాలో, ఎప్పుడు ఊరుకోవాలో అన్నీ మావయ్య చెప్పినవే. ఆ ఏడాదే పెద్ద బళ్ళలోకి వచ్చాడు. పాత టర్బో బండి ఒకటి సంపాదించుకుని, పెయింటు కూడా వేయకుండా తిరిగేవాడు. నెగ్గినా ఓడినా మా లారీ దగ్గరే తిండి. "పెద్దమ్మా, ఆకలి!" అని అరుచుకుంటూ వచ్చేవాడు.

సొంత ఊరి ట్రాక్ మీద వాడు చెలరేగిపోయాడు. హీట్స్‌లో అందరికంటే వేగం ఎంబ్రిక్‌ది. రెండోది టోర్‌గైర్‌ది. మూడోది డచ్చి యోస్ట్‌ది.

చోట్లు కోరుకునే బల్ల దగ్గర జనం మూగారు. చెక్క మీద చోట్లు గీసి ఉంటాయి, డ్రైవరు తన నంబరు బిళ్ళ తెచ్చి తనకి కావలసిన చోట తగిలించాలి. ఎంబ్రిక్‌ని పిలిచారు. వాడు లోపలి అంచు తీసుకుంటాడనే నేను అనుకున్నాను, దేవుడి మీద ఒట్టు. వాడు బిళ్ళ తీసుకెళ్ళి ముందు వరసలో ఎడమ చివర తగిలించాడు. తగిలించి, పళ్ళన్నీ బయటపెట్టి మావాడి వైపు తిరిగాడు.

"నీ దారే మావయ్యా! నువ్వు నేర్పిందే నీకు!"

జనం చప్పట్లు కొట్టారు. టోర్‌గైర్ కూడా నవ్వి వాడి వీపు మీద చరిచాడు. తర్వాత తన బిళ్ళ తీసుకెళ్ళి మధ్య చోట పెట్టాడు. ఎంబ్రిక్‌కి ఆనుకుని, కుడి పక్కన.

నేను వాణ్ణి చొక్కా పట్టుకుని లారీ వెనక్కి లాక్కెళ్ళాను.

"గేరు విరిగిందని చెప్పు."

"ఇక్కడ కాదక్కా."

"ఇంజన్ పేలిందని చెప్పు. నేనే రాయి పెట్టి పగలగొడతాను, పద."

"ఇది ఆఖరుది. ఇంకో ఏడాది ఉంటే నీ మాట వినేవాణ్ణి. రేపటి నుంచి మెర్రా కొట్టంలో ఉంటుంది, నేను నీ వంటింట్లో ఉంటాను. ఈ ఒక్కటి వదిలెయ్."

"అమ్మ మీద ఒట్టేశావురా!"

"అమ్మ బతికుంటే ముందు వరసలో కూర్చుని ఈలలు వేసేది."

"నీ పక్కనున్నది ఎవడో తెలుసా? ఎంబ్రిక్! నీ చేతుల్లో పెరిగినవాడు!"

"అందుకే భయం లేదంటున్నాను. వాడు ఎప్పుడు తొక్కుతాడో, ఎక్కడ తిప్పుతాడో నాకు తెలియదా? కళ్ళు మూసుకుని చెప్పగలను."

"కళ్ళు మూసుకునే కదరా చెప్పేది, దరిద్రుడా!"

వాడు నా చెయ్యి విడిపించుకున్నాడు. కోపంగా కాదు, మెల్లిగానే. హెల్మెట్ తీసుకుని వెళ్ళిపోయాడు. ఎంబ్రిక్ పోతాడన్న భయం ఒక పక్క, తమ్ముడు పోతాడన్న భయం ఇంకో పక్క. ఎటు తిరిగినా నావాళ్ళే.

పరుగెత్తుకుంటూ పోటీ పెద్దాయన దగ్గరకి వెళ్ళాను. మంచివాడే, మా నాన్నకి స్నేహితుడు. "టోర్‌గైర్‌కి ఎడమ కన్ను కనబడదు. ఆపండి" అన్నాను. ఆయన పైప్ నోట్లోంచి తీసి నన్ను ఎగాదిగా చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఓడ్నీ, ఓడ్నీ! నాక్కూడానా గీత మాట? కిందటేడు పెట్రోల్లో నీళ్ళు కలిశాయని చెప్పి నా చేత డ్రమ్ములన్నీ మూత తీయించావు."

"ఇది నిజం. అమ్మ తోడు."

"కుర్రాడు చోటు లాక్కున్నాడని రేసు ఆగిపోవాలా? యూరప్ అంతా తిరిగి గెలిచినవాడు గుడ్డివాడా? వెళ్ళు, వెళ్ళు. అంత అనుమానంగా ఉంటే సోమవారం డాక్టరు చూస్తాడులే."

అప్పటికే బళ్ళు గీత మీదకి వచ్చేశాయి. నేను కంచె దూకి వెళ్ళాను. అందరూ నన్ను చూసి "వచ్చిందిరో!" అని ఈలలు వేశారు. ఆర్న్‌ఫిన్ మెర్రా ముందు అద్దం తుడుస్తున్నాడు. నేను దాన్ని దాటి ఎంబ్రిక్ కిటికీ దగ్గరకి పోయాను. వాడు హెల్మెట్‌లోంచి కన్ను గీటాడు.

"ఏం తెచ్చావు పెద్దమ్మా? గాలి తగ్గిందా, కాఫీయా?"

"ఎంబ్రిక్, నా మాట విను. నవ్వకు. మీ మావయ్యకి ఎడమ కన్ను పోయింది. ఆస్ట్రియాలోనే పోయింది. నువ్వు వాడికి కనబడవు."

వాడు ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. నమ్ముతాడేమో అనుకున్నాను. నా ప్రాణమంతా ఆ ఒక్క చూపులో ఉంది.

తర్వాత పగలబడి నవ్వాడు.

"అబ్బా! ఏం మాటేశావు పెద్దమ్మా! దీన్ని మించింది లేదు. కన్ను పోయినవాడు ఇన్నిసార్లు గెలిచాడంటావా?"

"అందుకేరా ఆ చోటు! పక్కన ఎవరూ ఉండకూడదనే ఆ చోటు! వెనక్కి తగ్గు, గీత మీద ఒక్క క్షణం ఆగి బయల్దేరు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"నేను ఆగితే మావయ్య పోతాడు ముందుకి. భలేదానివే. నా చెవిలో ఇంకా పువ్వులకి చోటు లేదు, జరుగు. ఇంజన్ పెట్టాలి."

"ఒరే, నిజంరా!"

ఇంజన్ రాజుకుంది. ఆ తర్వాత నేను అరిచింది నాకే వినబడలేదు. ఎవరో నన్ను రెక్క పట్టుకుని కంచె అవతలికి లాగారు.

టర్బో బళ్ళు బయల్దేరే ముందు క్లచ్ తొక్కిపట్టి ఇంజన్ని అరిపిస్తారు. ఎనిమిది బళ్ళు ఒక్కసారిగా అరిస్తే పక్కటెముకలు అదురుతాయి. పచ్చదీపం వెలిగింది. ఎంబ్రిక్, టోర్‌గైర్ ఇద్దరూ ఒక్కసారే లేచారు. తలుపుకి తలుపు. యోస్ట్ కొంచెం వెనకబడ్డాడు.

నేను బళ్ళని చూడలేదు, తమ్ముడి హెల్మెట్‌నే చూశాను. బయల్దేరినప్పుడు ఎదురుగానే ఉంది. మలుపు దగ్గరపడుతుంటే ఎడమ పక్కకి తిరిగింది. కొంచెం కాదు, పూర్తిగా, గడ్డం భుజానికి తగిలేటట్టు. అంత వేగం మీద ఏ డ్రైవరూ అలా తిరగడు. నిన్న డ్రైవింగ్ బడిలో చేరినవాడు కూడా తిరగడు. మంచి కన్ను అటు తిప్పి ఎంబ్రిక్ ఎక్కడున్నాడో వెతుక్కున్నాడు. కనబడి ఉంటాడు, అరచేయి దూరంలో. వెంటనే స్టీరింగ్ కుడికి లాగేశాడు. సరిగ్గా అప్పుడే మెర్రా తన్నింది.

అది యోస్ట్ ముక్కు ముందు నుంచి అడ్డంగా దూసుకుపోయి మలుపు లోపలి గట్టుకి కొట్టుకుంది. టైర్లు పేర్చిన చోట కాదు, వాటి పక్కన సిమెంటు దిమ్మకి. లేచి, పల్టీ కొట్టి, చక్రాలు పైకి పెట్టి పడింది. ఎంబ్రిక్ బండి మీద గీత కూడా పడలేదు. వాడు ఆ బయటి దారిలో కాలెత్తకుండా తిరిగి ముందుకు వెళ్ళిపోయాడు. వెనక ఏం జరిగిందో ఎర్ర జెండా చూసేదాకా వాడికి తెలియదు.

నేను వెళ్ళేసరికి ఆర్న్‌ఫిన్ కిటికీలోంచి సగం దూరి ఉన్నాడు. బయటికొచ్చి నన్ను లోపలికి పోనివ్వలేదు. "వద్దు" అన్నాడు. ఆ మాటతో నాకు తెలిసిపోయింది.

మర్నాడు పత్రికలో ఫొటో వేశారు. రెండు బళ్ళు పక్కపక్కన, మావాడి హెల్మెట్ పూర్తిగా ఎంబ్రిక్ వైపు తిరిగి ఉంది. తన చోటు లాక్కున్న కుర్రాడి మీద టోర్‌గైర్ కన్నెర్ర అని కింద రాశారు. కోపం పట్టలేక దారి చూసుకోలేదట. చూశారా లోకం! కన్నెర్ర చేయడానికి వాడికి ఆ పక్క కన్నుంటే కదా.

చావుకి వచ్చినవాళ్ళు కాఫీ తాగుతూ మెల్లిగా గుసగుసలాడుకున్నారు. నేను ఎంబ్రిక్ కిటికీ దగ్గర ఏం చెప్పానో పక్కనున్న కుర్రాళ్ళు విన్నారు. గెలుపు కోసం సొంత తమ్ముడికే కన్ను లేదని అబద్ధమాడిందని అది పాకిపోయింది. పోటీ పెద్దాయన నాకు చెయ్యి కలిపాడు గాని నా మొహంలోకి చూడలేదు. ఎంబ్రిక్ శవపెట్టె మోశాడు, ముందు ఎడమ పక్కన.

తర్వాత వాడు మా గుమ్మం తొక్కలేదు. వాళ్ళమ్మ వచ్చి చెప్పింది. తిండి తినడం లేదు, బండి మీద గుడ్డ కప్పేశాడు, కొట్టంలో కూర్చుని గోడ చూస్తున్నాడు, ఏదో ఒకటి చేసుకుంటాడేమోనని తుపాకి దాచాను అని. దుప్పుల వేట రోజులవి, ప్రతి ఇంట్లోనూ తుపాకి ఉంటుంది.

మొదటి మంచు పడ్డ రోజు మధ్యాహ్నం వాడే వచ్చాడు. బూట్లు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. చిక్కిపోయి ఉన్నాడు. నేను పెనం మీద వాఫుల్స్ వేస్తున్నాను. ఎవరి కోసమని అడక్కండి, చేతులకి అలవాటు.

"కూర్చో."

"పెద్దమ్మా, ఒకటి అడుగుతాను. నిజం చెప్పు."

"అడుగు."

"గీత దగ్గర నువ్వు చెప్పింది నిజమేనా? మావయ్యకి కన్ను..."

నేను పెనం మూత పట్టుకుని నిలబడ్డాను. నాకు అంతా ఒక్కసారే కనబడింది. అవునంటే, చెప్పినా వినకుండా నవ్వినవాడు వీడు. కాళ్ళు పట్టుకుంటానన్నా జరుగు అన్నవాడు వీడు. ఆ నవ్వు వీడి చెవిలో చచ్చేదాకా మోగుతుంది, ఆ చచ్చేది ఎంతో దూరం ఉండదు. ఒకణ్ణి పూడ్చాను. చాలు.

"నీ మొహం! కన్ను పోయినవాడు అన్నిసార్లు గెలుస్తాడా?"

వాడు నన్నే చూస్తున్నాడు.

"అబద్ధమా?"

"గీత దగ్గర నేను ఎప్పుడు నిజం చెప్పానురా? నువ్వు ఆ చోటు వదిలేస్తావేమోనని ఆడాను. వాడికి ఛాంపియన్ కావాలని ఉంది, నాకు వాడు కావాలని ఉంది. అంతే."

"అంత బతిమాలావు కదా. కాళ్ళు పట్టుకుంటానన్నావు."

"అబద్ధం ఆడినా అతికినట్టుండాలి మరి."

"అయితే మావయ్య నావైపెందుకు చూశాడు? పేపర్లో రాసినట్టు... నా మీద అంత కోపమా?"

ఇదొకటి ఉందని నేను ముందు ఆలోచించలేదు. వాఫుల్ మాడుతున్న వాసన వచ్చింది. మూతెత్తి, దాన్ని పళ్ళెంలోకి తీసి, వాడి వైపు తిరిగాను.

"కోపమేంటిరా పిచ్చివాడా! చెరువు మీద నీకు నేర్పేటప్పుడు వాడు దారి చూసేవాడా, నిన్ను చూసేవాడా?"

"...నన్ను."

"ఆ పాడలవాటు వాడికి పోలేదు. నువ్వు పక్కనుంటే నీ చేతులు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవాలి వాడికి. దారి చూడరా అని వందసార్లు తిట్టాను. విన్నాడు కాదు."

ఎంబ్రిక్ గోడకి ఆనుకున్నాడు. మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు, చిన్నప్పుడు చెరువు మీద పడి మోకాలు కొట్టుకున్నప్పటిలాగే, నోరు తెరుచుకుని. నేను దగ్గరకి వెళ్ళలేదు. వెళితే నేనూ ఏడ్చి అంతా చెప్పేసేదాన్ని.

ఏడుపు తగ్గాక తలెత్తాడు. కళ్ళల్లో ఇంకో రంగు వచ్చింది.

"నీకు సిగ్గు లేదా?"

నేను పళ్ళెం బల్ల మీద పెట్టాను.

"సొంత తమ్ముడికి కన్ను లేదని అబద్ధం ఆడతావా, ఒక చోటు కోసం! అది నా బుర్రలో పెట్టుకుని నేను ఇన్నాళ్ళూ... నేనే చంపాననుకున్నాను పెద్దమ్మా. నీ మాట నిజమేమో, నేను నవ్వి చంపేశానేమో అనుకుని రోజూ చచ్చాను!"

"తెలుసు."

"తెలిసీ ఒక్కసారి రాలేదు. ఊళ్ళో వాళ్ళు నీ గురించి అనేదంతా నిజమే."

"కూర్చుని తిను. వేడిగా ఉంది."

"నీ చేతి కూడు నాకొద్దు" అన్నాడు. తలుపు విసురుగా వేసి వెళ్ళిపోయాడు.

కిటికీలోంచి చూశాను. గట్టిగా అడుగులు వేస్తూ నడిచాడు, వచ్చినప్పటిలా కాళ్ళీడ్చుకుంటూ కాదు. కోపం మనిషిని నిలబెడుతుంది. బండెక్కి, అద్దం మీద మంచు చేత్తో తుడుచుకుని, ఇంజన్ పెట్టాడు. వాడు ఇక ఈ గుమ్మం తొక్కడని నాకు తెలుసు. ఏడుపొచ్చింది, ఏడ్చాను, ఎవరున్నారు చూడడానికి. వాడు గేటు దగ్గర ఆగి, రెండు పక్కలా చూసుకుని, రోడ్డెక్కాడు.